రిసీవర్ మీద ఏ పేరు వెలుగుతోందో చూశారా?

పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలా వాటిలో ఒకే బాధ కనిపించింది. డబ్బు పోసి స్పీకర్లు కొన్నారు, ఫైల్ మంచిదే, నెట్ మంచిదే, అయినా చెవిన పడేది అసలు సౌండ్, అంటే ఏమీ పోని లాస్‌లెస్ సౌండ్, కాదేమోనని అనుమానం. చాలామంది విషయంలో ఆ అనుమానం నిజమే, అందుకే ఈ నెల పేజీలన్నీ దానికే ఇస్తున్నాను.

ప్రశ్న: రెండు నెలల క్రితం 5.1.2 హోమ్ థియేటర్ (చుట్టూ ఐదు స్పీకర్లు, ఒక సబ్‌ఊఫర్, పైకప్పుకి రెండు) పెట్టించాను. బెడ్‌రూమ్‌లోని పాత కంప్యూటర్‌లో ప్లెక్స్ (ఇంట్లోని సినిమా ఫైళ్లని టీవీకి పంపే సాఫ్ట్‌వేర్) సర్వర్ నడుస్తోంది, నేను కొన్న బ్లూరేల కాపీలు అందులో ఉన్నాయి. హాల్లో టీవీకి ఒక స్ట్రీమింగ్ స్టిక్ పెట్టి, టీవీ నుంచి ఆర్క్ (టీవీ సౌండ్‌ని హెచ్‌డీఎంఐ కేబుల్‌లోనే వెనక్కి పంపే దారి) ద్వారా స్పీకర్లని నడిపే రిసీవర్‌కి కనెక్షన్ ఇచ్చాను. ఫైళ్లలో డాల్బీ ట్రూహెచ్‌డీ అనో డీటీఎస్-హెచ్‌డీ అనో స్పష్టంగా ఉంది. రిసీవర్ మీద మాత్రం ఒక సినిమాకి డాల్బీ డిజిటల్ అని, ఇంకో దానికి పీసీఎం (కంప్రెస్ చేయని మామూలు డిజిటల్ సౌండ్) అని, మరో దానికి డీటీఎస్ అని వస్తోంది. షాపతను కేబుల్ మార్చి చూడమన్నాడు. కోఠీ వెళ్లి ఖరీదైన హెచ్‌డీఎంఐ కేబుల్ తెచ్చుకోవాలా?
– సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, కేపీహెచ్‌బీ కాలనీ

జవాబు: ఆగండి, కోఠీ దాకా వెళ్లక్కర్లేదు. మీ కేబుల్‌లో తప్పేం లేదు. మీ ఫైల్ నుంచి మీ స్పీకర్ దాకా సౌండ్ ఎన్ని చేతులు మారుతోందో ఒకసారి లెక్కపెట్టండి: సర్వర్, స్టిక్, టీవీ, ఆర్క్ లైను, చివరికి రిసీవర్. ఇందులో ఏ ఒక్కరు "ఇది నా వల్ల కాదు" అన్నా, అసలు సౌండ్ అక్కడే ఆగిపోయి దాని బదులు వేరేది ముందుకు వెళ్తుంది. ఇబ్బంది ఏమిటంటే సౌండ్ ఆగిపోదు, ఏదో ఒకటి వస్తూనే ఉంటుంది, అందుకే మనకి తెలియదు.

ముందు లాస్‌లెస్ అంటే ఏమిటో రెండు ముక్కల్లో. స్టూడియోలో మిక్స్ చేసిన సౌండ్‌ని జిప్ ఫైల్‌లా మడిచి చిన్నది చేస్తారు, విప్పినప్పుడు ఒక్క బిట్ కూడా తేడా లేకుండా మళ్లీ అదే వస్తుంది. డాల్బీ ట్రూహెచ్‌డీ, డీటీఎస్-హెచ్‌డీ మాస్టర్ ఆడియో, ఫ్లాక్ ఇలాంటివి. మామూలు డాల్బీ డిజిటల్, డాల్బీ డిజిటల్ ప్లస్ అలా కాదు, చెవికి పెద్దగా తెలియదనుకున్న భాగాన్ని తీసి పారేస్తాయి, పోయింది మళ్లీ రాదు. 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ 5.1 సౌండ్‌ని ఏమీ మడవకుండా పంపితే సెకనుకి దాదాపు 6.9 మెగాబిట్లు అవుతుంది. డాల్బీ డిజిటల్ గరిష్ఠ పరిమితి 640 కిలోబిట్లు. అంటే పదో వంతు కూడా లేదు. ట్రూహెచ్‌డీకి 18 మెగాబిట్ల దాకా, డీటీఎస్-హెచ్‌డీ మాస్టర్ ఆడియోకి 24.5 దాకా అనుమతి ఉంది, మామూలుగా అంత వాడవు కానీ దారి మాత్రం అంత వెడల్పుగా ఉండాలి.

ఇప్పుడు మీ ఇంటి సంగతి. ఆర్క్ అనేది 2009లో హెచ్‌డీఎంఐ 1.4తో వచ్చింది, అది మోయగలిగింది పాత ఆప్టికల్ కేబుల్ కంటే కాస్తే ఎక్కువ. డాల్బీ డిజిటల్ వెళ్తుంది, డిజిటల్ ప్లస్ వెళ్తుంది, ట్రూహెచ్‌డీ వెళ్లదు. 2017లో హెచ్‌డీఎంఐ 2.1తో పాటు ఈఆర్క్ వచ్చాకే 37 మెగాబిట్ల దాకా మోసే వీలు కలిగింది. మీ టీవీలో, రిసీవర్‌లో రెండింటిలోనూ ఈఆర్క్ అని రాసి ఉంటేనే అది పని చేస్తుంది, ఒక్కదానిలో ఉండి ప్రయోజనం లేదు.

మీకు మూడు రకాల పేర్లు ఎందుకు వస్తున్నాయో కూడా దీంట్లోనే ఉంది. డీటీఎస్-హెచ్‌డీ మాస్టర్ ఆడియో లోపల 1.5 మెగాబిట్ల మామూలు డీటీఎస్ ఒకటి గింజలా ఉంటుంది, దారి ఇరుకుగా ఉంటే ఆ గింజని మాత్రం పంపిస్తారు, అందుకే డీటీఎస్ అని వస్తోంది. ట్రూహెచ్‌డీలో అలాంటి గింజ లేదు. పంపలేని పరికరం దాన్ని విప్పి, డాల్బీ డిజిటల్‌గా మార్చి పంపుతుంది, లేదంటే రెండు ఛానెళ్లకి కుదించి పీసీఎంగా ఇస్తుంది. పీసీఎం వచ్చిన సినిమా మీరు చూశారంటే ఆ రోజు మీ వెనక స్పీకర్లకి వెళ్లాల్సిన సౌండ్ కూడా ముందు రెండింటిలో కలిసిపోయిందన్నమాట.

చేయాల్సిన మొదటి పని చాలా చిన్నది. స్టిక్‌ని టీవీ నుంచి తీసి రిసీవర్ వెనక ఉన్న హెచ్‌డీఎంఐ ఇన్‌పుట్‌లో పెట్టండి, రిసీవర్ అవుట్‌పుట్ నుంచి టీవీకి కేబుల్ ఇవ్వండి. సౌండ్ ముందు రిసీవర్‌కే వెళ్తుంది, బొమ్మ మాత్రం టీవీకి వెళ్తుంది. ఆర్క్ ఇక టీవీలోని సొంత యాప్‌లకి మాత్రమే పనికొస్తుంది. ఒకటి గుర్తుంచుకోండి, 4కే చూస్తున్నట్టయితే రిసీవర్ కూడా 4కే, హెచ్‌డీసీపీ 2.2 (కాపీ కాకుండా కాపాడే పద్ధతి) పంపగలిగేదై ఉండాలి, రెండు నెలల క్రితం కొన్నదంటున్నారు కాబట్టి ఆ టెన్షన్ మీకు లేదు.

రెండో పని ఆ స్టిక్ గురించి ఆలోచించడం. చిన్న స్టిక్‌లలో చాలావరకు ఓటీటీ కోసం చేసినవి, ఓటీటీలో ట్రూహెచ్‌డీ ఉండదు కాబట్టి వాటికి దాన్ని పంపే అవసరం రాలేదు. మీలా సొంత సర్వర్ ఉన్నవాళ్లకి ఎన్‌విడియా షీల్డ్ టీవీ ప్రో, 2019లో వచ్చిన మోడల్, ఇప్పటికీ మంచి దారి. ట్రూహెచ్‌డీ, డీటీఎస్-హెచ్‌డీ, వాటితో ఉండే అట్మాస్, డీటీఎస్ ఎక్స్ (పై నుంచి కూడా సౌండ్ వచ్చేలా చేసే సమాచారం) అన్నీ ముట్టుకోకుండా రిసీవర్‌కి అందిస్తుంది. కాస్త చేతిపని ఇష్టమైతే రాస్ప్‌బెర్రీ పై 4 కొని లిబ్రెఎలెక్ (కోడి నడవడానికే చేసిన చిన్న ఆపరేటింగ్ సిస్టమ్) వేసుకుంటే కోడి అనే ప్లేయర్‌లో అదే పని తక్కువలో అవుతుంది, బోర్డు సికింద్రాబాద్ సీటీసీ (చెనాయ్ ట్రేడ్ సెంటర్) కంప్యూటర్ షాపుల్లో అడగండి. యాపిల్ టీవీ 4కే సంగతి వేరు. అది ట్రూహెచ్‌డీని విప్పకుండా, మడిచిన కట్టుగా బయటికి పంపదు, ఇన్‌ఫ్యూజ్ లాంటి యాప్ లోపలే విప్పి పీసీఎంగా ఇస్తుంది. 7.1 దాకా ఒక్క బిట్ పోదు, కానీ అట్మాస్ సమాచారం అక్కడే రాలిపోతుంది. మీరు పైకప్పుకి రెండు స్పీకర్లు పెట్టించుకున్నారు కాబట్టి మీకు అది వద్దంటాను.

మూడోది సెట్టింగులు. సౌండ్‌ని విప్పకుండా అందించడాన్ని పాస్‌త్రూ అంటారు, ఇంట్లో కట్టిన క్యారియర్‌ని మూత తీయకుండా ఆఫీసులో అందించడం లాంటిది. ప్లెక్స్ యాప్‌లో ఆడియో సెట్టింగ్‌కి వెళ్లి పాస్‌త్రూని హెచ్‌డీఎంఐకి పెట్టండి, ఇంట్లో స్ట్రీమింగ్ క్వాలిటీ ఒరిజినల్ లేదా మ్యాగ్జిమమ్‌లో ఉందో లేదో చూడండి. సినిమా నడుస్తుండగా కంప్యూటర్‌లో ప్లెక్స్ డ్యాష్‌బోర్డ్ తెరిస్తే ఆ ప్లే దగ్గర డైరెక్ట్ ప్లే అని ఉండాలి. ఆడియో పక్కన ట్రాన్స్‌కోడ్ అని కనిపించిందా, సర్వరే మూత తీసేసిందని అర్థం, ఇక ముందున్న పరికరాలు ఎంత మంచివైనా చేసేదేం లేదు. కోడి వాడేవాళ్లు సెట్టింగుల స్థాయిని ఎక్స్‌పర్ట్‌కి మార్చుకుని, పాస్‌త్రూ ఆన్ చేసి, కింద ట్రూహెచ్‌డీకి, డీటీఎస్-హెచ్‌డీకి విడివిడిగా ఉన్న మీటలు కూడా వేయాలి. సింక్ ప్లేబ్యాక్ టు డిస్‌ప్లే అనేది ఆన్‌లో ఉంటే పాస్‌త్రూ పని చేయదు, ఎంతోమంది ఇక్కడే ఇరుక్కుంటారు.

ఇక అన్నిటికంటే ముఖ్యమైనది. చెవిని కాదు, డిస్‌ప్లేని నమ్మండి. ఇది నా సొంత అనుభవంతో చెబుతున్నాను. మా ఇంట్లో దాదాపు ఎనిమిది నెలలు నేను లాస్‌లెస్ వింటున్నాననే అనుకున్నాను. అన్ని స్పీకర్లూ మోగుతున్నాయి, వాన పడే సీన్‌లో వెనక నుంచి చినుకులు వినిపిస్తున్నాయి, ఇంకేం కావాలి. ఒకరోజు రిమోట్ మీద ఇన్ఫో మీట నొక్కితే వస్తున్న సిగ్నల్ 2.0 పీసీఎం అని చూపించింది. బాక్స్‌లో ఒక అప్‌డేట్ తర్వాత ఆడియో సెట్టింగ్ స్టీరియోకి మారిపోయింది, నా రిసీవర్ ఆ రెండు ఛానెళ్లనే తీసుకుని తనకి తోచినట్టు ఏడు స్పీకర్లకి పంచుతోంది. అన్ని స్పీకర్లూ మోగడం సరౌండ్‌కి రుజువు కాదని ఆ రోజు తెలిసి నిజంగా బాధేసింది, ఎందుకంటే ఆ ఎనిమిది నెలల్లో ఎన్నో మంచి సినిమాలు చూసేశాను. కాబట్టి మీ రిసీవర్‌లో ఇన్‌పుట్ సిగ్నల్ చూపించే మీట ఎక్కడుందో వెతకండి. 3/2/.1 అని కనిపిస్తే ముందు మూడు, పక్కన రెండు, ఒక సబ్‌ఊఫర్ ఛానెల్ వస్తున్నాయని అర్థం.

అట్మాస్ అని వెలిగితే చాలదా అంటారేమో. చాలదు. అట్మాస్ ఎక్కువగా రెండు బళ్ల మీద వస్తుంది, ఒకటి ట్రూహెచ్‌డీ, ఇంకొకటి డాల్బీ డిజిటల్ ప్లస్. రెండో దాని మీద వచ్చినా డిస్‌ప్లే మీద అట్మాస్ అనే వెలుగుతుంది, అది మామూలు ఆర్క్‌లో కూడా వచ్చేస్తుంది. ఇన్ఫో నొక్కి దాని కింద ట్రూహెచ్‌డీ అన్న మాట ఉందో లేదో చూసుకోండి.

కేబుల్ గురించి ఒక్క మాట. ఈఆర్క్‌కైనా, డైరెక్ట్ కనెక్షన్‌కైనా హై స్పీడ్ విత్ ఈథర్నెట్ అని రాసి ఉన్న మామూలు కేబుల్ సరిపోతుంది. ట్రూహెచ్‌డీని మోయడం హెచ్‌డీఎంఐ 1.3 రోజుల నుంచీ ఉన్నదే. బంగారు పూత వల్ల సౌండ్ మెరుగవుతుందని ఎవరైనా అంటే నమ్మకండి, బిట్లు వస్తే పూర్తిగా వస్తాయి, రాకపోతే బొమ్మో సౌండో ఆగిపోయి మీకే తెలుస్తుంది.

ప్రశ్న: నా రిసీవర్ చాలా పాతది, హెచ్‌డీఎంఐ అసలు లేదు, ఆప్టికల్ ఉంది. ఆప్టికల్ కూడా డిజిటలే కదా, లాస్‌లెస్ రాదా? పాతదైనా దాని ధ్వని నాకు చాలా ఇష్టం, మార్చాలని లేదు.
– రిటైర్డ్ రైల్వే ఉద్యోగి, లాలాగూడ

జవాబు: రాదండీ. ఆప్టికల్‌లో రెండు ఛానెళ్ల పీసీఎం అయితే ఏమీ పోకుండా వస్తుంది, పాటల సీడీలకి అది చాలు. 5.1 కావాలంటే మాత్రం డాల్బీ డిజిటల్, డీటీఎస్ అంతే. కానీ మీ రిసీవర్‌ని అప్పుడే తీసేయకండి. వెనక వైపు మల్టీ ఛానెల్ ఇన్ లేదా 5.1 ఇన్‌పుట్ అని ఆరు ఆర్‌సీఏ రంధ్రాలు వరసగా ఉన్నాయేమో చూడండి, ఆ కాలం రిసీవర్లలో చాలావాటికి ఉండేవి. ఉంటే, 5.1 అనలాగ్ అవుట్‌పుట్ ఉన్న పాత బ్లూరే ప్లేయర్ ఒకటి సంపాదించండి. అది ట్రూహెచ్‌డీని తనలోనే విప్పి ఆరు తీగల మీద అనలాగ్‌గా పంపుతుంది, మీ రిసీవర్ కేవలం పెద్దది చేసి స్పీకర్లకి ఇస్తుంది. మీకు నచ్చిన ధ్వని మీకుంటుంది, అసలు సౌండ్ కూడా దక్కుతుంది. స్పీకర్ల దూరాలు, సబ్‌ఊఫర్ సెట్టింగులు మాత్రం ప్లేయర్ మెనూలోనే పెట్టుకోవాలి, రిసీవర్‌లో పెట్టినవి ఈ ఇన్‌పుట్‌కి సాధారణంగా వర్తించవు. ప్లేయర్ మెనూలో సెకండరీ ఆడియో లేదా ఆడియో మిక్స్ అనేది ఉంటే అది ఆఫ్ చేయండి, ఆన్‌లో ఉంటే చాలా ప్లేయర్లు హెచ్‌డీ సౌండ్‌ని మామూలు స్థాయికి దించేస్తాయి.

ప్రశ్న: మాకు 200 ఎంబీపీఎస్ ఫైబర్ ఉంది, ఓటీటీలో అన్నిటికంటే ఖరీదైన ప్లాన్ తీసుకున్నాం. అట్మాస్ అని వస్తుంది. ఇది లాస్‌లెస్సేనా? మా తమ్ముడు కాదంటాడు, మావారు అవునంటారు.
– గృహిణి, మణికొండ

జవాబు: మీ తమ్ముడు చెప్పిందే నిజమమ్మా. మామూలు ఓటీటీల్లో సరౌండ్ వచ్చేది డాల్బీ డిజిటల్ ప్లస్‌లో. నెట్‌ఫ్లిక్స్ 2019లో సౌండ్ క్వాలిటీ పెంచినప్పుడు 5.1కి 640 కేబీపీఎస్ దాకా, అట్మాస్‌కి 768 కేబీపీఎస్ దాకా అని ప్రకటించింది. మీ నెట్ 200 కాదు 1000 అయినా వాళ్లు పంపేది అదే. యాపిల్ మ్యూజిక్‌లో కూడా 2021 నుంచి లాస్‌లెస్ అని ఉన్నది స్టీరియో పాటలకి, అందులోని అట్మాస్ పాటలు ఈ డిజిటల్ ప్లస్ బాపతే.

అలాగని మీవారిని చిన్నబుచ్చకండి. 768 కేబీపీఎస్ అట్మాస్ బాగా మిక్స్ చేసిందయితే మామూలు హాల్లో, ఫ్యాన్ తిరుగుతుండగా, కింద రోడ్డు మీద ఆటోలు పోతుండగా ట్రూహెచ్‌డీతో తేడా పట్టుకోవడం చాలా కష్టం. నేను లాస్‌లెస్ కోసం ఇంత చెబుతున్నది నా చేతిలో ఉన్న మంచి ఫైల్‌ని దారిలో పాడుచేసుకోకూడదని, అంతేగానీ ఓటీటీ వినకూడదని కాదు. మీ ఇంట్లో కింద విట్రిఫైడ్ టైల్స్, ఒక పక్కంతా బాల్కనీ అద్దాల తలుపు ఉంటే ముందు సోఫా ముందర మందపాటి కార్పెట్ ఒకటి వేసి, అద్దాలకి బరువైన కర్టెన్లు వేయండి. చప్పట్లు కొట్టి చూడండి, గింగురుమనే శబ్దం తగ్గిందో లేదో. దానితో వచ్చే మార్పు ఏ ప్లాన్ మార్చినా రాదు.

ప్రశ్న: నాకు సంగీతం పిచ్చి. అమెరికాలో ఉన్న మా అబ్బాయి 5.1 ఫ్లాక్‌లో కొన్ని వాద్య సంగీత ఆల్బమ్‌లు కొని పంపాడు. ఫోన్ నుంచి బ్లూటూత్‌తో రిసీవర్‌కి పంపితే ముందు రెండు స్పీకర్లే మోగుతున్నాయి. పెన్‌డ్రైవ్ టీవీకి పెట్టినా అంతే. ఫైళ్లలో లోపమా?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, నల్లకుంట

జవాబు: ఫైళ్లు బాగానే ఉంటాయి మాస్టారూ, దారులే సరైనవి కావు. బ్లూటూత్‌లో పాట పంపితే వెళ్లేది రెండు ఛానెళ్లే, పైగా మళ్లీ కుదించి పంపుతుంది, కాబట్టి దాన్ని పక్కన పెట్టేయండి. టీవీలోని ప్లేయర్లు ఫ్లాక్ చదివినా సాధారణంగా స్టీరియోగా కుదించేస్తాయి.

ఫ్లాక్‌కి, ట్రూహెచ్‌డీకి ఒక తేడా ఉంది. ట్రూహెచ్‌డీని కట్టుగానే రిసీవర్‌కి పంపవచ్చు, ఫ్లాక్‌ని హెచ్‌డీఎంఐలో అలా పంపే పద్ధతి లేదు. బాక్సే దాన్ని విప్పి ఆరు ఛానెళ్ల పీసీఎంగా పంపాలి. ఒక్క బిట్ పోదు, ఎక్కడ విప్పారన్నదే తేడా. కాబట్టి మీ రిసీవర్ మీద ఫ్లాక్ అని రాదు, మల్టీ ఛానెల్ ఇన్ అనో మల్టీ సీహెచ్ అనో వస్తుంది, అది సరైనదే, కంగారు పడకండి. ఇంతకుముందు జవాబుల్లో పీసీఎం అంటే ఏదో తప్పు జరిగినట్టు రాశాను కదా, అది రెండు ఛానెళ్లకి కుదించినప్పటి మాట.

మీకు తేలికైన దారి: మీ ఇంట్లో లాప్‌టాప్ ఉంటే దాన్ని హెచ్‌డీఎంఐతో నేరుగా రిసీవర్‌కి కలిపి, కోడి వేసి, ఆడియో అవుట్‌పుట్‌లో ఛానెళ్ల సంఖ్య 5.1కి పెట్టండి. అది 2.0లో ఉంటే మీరు ఎంత ప్రయత్నించినా రెండు స్పీకర్లే మోగుతాయి. విండోస్ అయితే అవుట్‌పుట్ పరికరంగా వాసాపీ (WASAPI) అని మొదలయ్యే పేరు ఎంచుకోండి, అప్పుడు విండోస్ మిక్సర్ మధ్యలో చేయి పెట్టదు. కచేరీ సంగీతానికి రిసీవర్‌లో డైరెక్ట్ మోడ్ పెట్టుకుని ఒకసారి వినండి, చప్పట్లు హాలు వెనక నుంచి రావడం, మృదంగం తన చోట తను ఉండటం మీకు వెంటనే తెలుస్తుంది.

ప్రశ్న: 4కే సినిమాలు సర్వర్ నుంచి చూస్తుంటే ప్రతి ఐదు పది నిమిషాలకి బఫరింగ్. లాస్‌లెస్ సౌండ్ బరువు వల్లే అంటున్నారు ఫ్రెండ్స్. నెట్ ప్లాన్ పెంచమంటారా? టీవీకి లాన్ కేబుల్ కూడా పెట్టాను.
– బ్యాంకు ఉద్యోగి, మియాపూర్

జవాబు: ప్లాన్ పెంచకండి, ఆ డబ్బు వృథా. మీ సర్వర్, మీ టీవీ రెండూ ఒకే ఇంట్లో ఉన్నాయి, ఫైల్ మీ రౌటర్ దాటి బయటికి వెళ్లదు, నెట్ పోయిన రోజు కూడా సినిమా నడవాలి. సౌండ్‌ని కూడా నిందించకండి, ట్రూహెచ్‌డీ కొన్ని మెగాబిట్లే. బరువంతా బొమ్మది. 4కే బ్లూరేలో బొమ్మా సౌండూ కలిపి 128 మెగాబిట్ల దాకా అనుమతి ఉంది, భారీ సీన్లలో చటుక్కున పైకి లేస్తుంది.

అసలు కారణం మీరు మంచిదనుకుని పెట్టిన లాన్ కేబులే అయి ఉండవచ్చు. ఎన్నో టీవీల్లో, ఖరీదైన వాటిలో కూడా లాన్ పోర్టు 100 మెగాబిట్లదే. పెద్ద సీన్ రాగానే అక్కడ ఇరుక్కుంటుంది. కేబుల్ తీసి 5 గిగాహెర్ట్జ్ వైఫైలో ఒకసారి చూడండి, రౌటర్ అదే గదిలో ఉంటే చాలాసార్లు పోర్టు కంటే అదే నయం. రెండు గోడలు అడ్డం ఉంటే మాత్రం వైఫై కూడా తడబడుతుంది, అప్పుడు గిగాబిట్ పోర్టు ఉన్న బాక్స్ పెట్టుకుని సర్వర్ నుంచి క్యాట్ 6 కేబుల్ లాగించండి. ఇంకొకటి, సబ్‌టైటిల్స్ ఆన్ చేసినప్పుడే బఫరింగ్ వస్తోందా గమనించండి. బ్లూరే సబ్‌టైటిల్స్ బొమ్మల రూపంలో ఉంటాయి, కొన్ని యాప్‌లు వాటిని చూపించలేక సర్వర్‌ని బొమ్మంతా మళ్లీ తయారు చేయమంటాయి, పాత కంప్యూటర్ ఆ పని మోయలేదు. అక్షరాల రూపంలో ఉండే ఎస్‌ఆర్‌టీ సబ్‌టైటిల్ వాడితే ఆ గొడవ పోతుంది.

ప్రశ్న: కొత్త హోమ్ థియేటర్ వచ్చినప్పటి నుంచి ఇంట్లో రోజూ గొడవే. మాటలు వినపడవు, సౌండ్ పెంచితే ఫైట్ రాగానే పై అంతస్తు వాళ్లు ఫోన్ చేస్తున్నారు. లాస్‌లెస్ అంటే ఇదేనా? పిల్లలకి పరీక్షలు కూడా.
– గృహిణి, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: మీ బాధ అర్థమైందమ్మా, ఇది చాలా ఇళ్లలో ఉన్నదే. సినిమా మిక్స్‌లో గుసగుసకి, పేలుడుకి మధ్య దూరం చాలా ఎక్కువ పెడతారు, థియేటర్‌లో అది బాగుంటుంది. ఆ దూరాన్ని ఏమీ తగ్గించకుండా ఇంటికి తెచ్చుకున్నారు, అంతే.

మాటలన్నీ దాదాపుగా మధ్య స్పీకర్ నుంచే వస్తాయి. అది టీవీ యూనిట్ అరలో లోపలికి తోసేసి ఉందేమో చూడండి. ముందు అంచు దాకా లాగి, మీరు కూర్చునే చెవి వైపు కొద్దిగా పైకి వంచండి, కింద చిన్న రబ్బరు ముక్క పెడితే చాలు. తర్వాత మీవారితో చెప్పి రిసీవర్‌లో సెంటర్ స్థాయిని 2 లేదా 3 డెసిబెల్స్ పెంచమనండి. రాత్రిపూట నైట్ మోడ్, డైనమిక్ రేంజ్ కంప్రెషన్, డైనమిక్ వాల్యూమ్ ఇలా ఏదో పేరుతో ఒక మీట ఉంటుంది, అది వేస్తే పెద్ద శబ్దాలు తగ్గి చిన్నవి పెరుగుతాయి. లాస్‌లెస్ పోతుందని మీవారు ఒప్పుకోకపోతే ఈ పేజీ చూపించండి, పిల్లల పరీక్షలు అయ్యేదాకా అది ఆన్‌లోనే ఉండాలి. సబ్‌ఊఫర్‌ని గోడ మూల నుంచి బయటికి జరపండి, మూలలో ఉంటే బేస్ రెట్టింపై పక్క ఫ్లాట్లలోకి పాకుతుంది.

ప్రశ్న: ఈఆర్క్ ఉన్న సౌండ్‌బార్, ఈఆర్క్ ఉన్న టీవీ. డీటీఎస్ ఫైళ్లు పెడితే సౌండే రాదు.
– విద్యార్థి, తార్నాక

జవాబు: మీ టీవీ మోడల్ సంవత్సరం చూడండి. సామ్‌సంగ్ 2018 నుంచి తన టీవీల్లో డీటీఎస్ తీసేసింది, ఎల్‌జీ 2020లో తీసేసి 2023లో కొన్ని మోడళ్లకి తిరిగి ఇచ్చింది. ఈఆర్క్ ఉన్నా టీవీ డీటీఎస్‌ని ముట్టుకోనంటే పని జరగదు. సౌండ్‌బార్‌కి హెచ్‌డీఎంఐ ఇన్ ఉంటే బాక్స్‌ని నేరుగా దానికే పెట్టండి. లేకపోతే బాక్స్‌లోనే డీటీఎస్ పాస్‌త్రూ ఆఫ్ చేసి పీసీఎంగా విప్పి పంపేలా పెట్టుకోండి. టీవీ, సౌండ్‌బార్ రెండూ మల్టీ ఛానెల్ పీసీఎం తీసుకుంటే ఈఆర్క్ మీద 5.1 ఏమీ పోకుండానే వెళ్తుంది.

ప్రశ్న: నా దగ్గర వందకి పైగా తెలుగు సినిమాల డీవీడీలున్నాయి, చిన్నప్పుడు ఆర్టీసీ క్రాస్ రోడ్స్ థియేటర్లలో చూసి తర్వాత కొనుక్కున్నవే. వీటిని ఫ్లాక్‌లోకి మార్చి సర్వర్‌లో పెడితే లాస్‌లెస్ అవుతాయా? లేకపోతే తెలుగు సినిమాలు లాస్‌లెస్‌లో ఎక్కడ డౌన్‌లోడ్ చేసుకోవాలి?
– చిరు వ్యాపారి, చిక్కడపల్లి

జవాబు: అవి డీవీడీలు కాబట్టి వాటి మీద ఉన్నది డాల్బీ డిజిటల్, గరిష్ఠంగా 448 కేబీపీఎస్, లేదా మామూలు డీటీఎస్. తీసేసిన సౌండ్ ఫ్లాక్‌లోకి మార్చినంత మాత్రాన తిరిగి రాదు, ఫైల్ పెద్దదవుతుంది అంతే, పైగా డాల్బీ ఫైల్‌లో ఉండే వాల్యూమ్ సమాచారం కూడా పోతుంది. మార్చకండి. ఉన్నది ఉన్నట్టుగా కాపీ చేసుకోండి. ఒక పొర డిస్కు 4.7 జీబీ, రెండు పొరలదయితే 8.5 జీబీ, వంద సినిమాలకి 1 టీబీ హార్డ్‌డిస్క్‌లో ఖాళీ మిగులుతుంది.

డౌన్‌లోడ్ గురించి అడిగారు, దొంగ కాపీల దారి నేను చెప్పను. తెలుగు సినిమాలు బ్లూరేలో వచ్చినవి తక్కువే, మిగతావి ఓటీటీలో డిజిటల్ ప్లస్‌లో ఉన్నాయి. థియేటర్‌లో అట్మాస్ మిక్స్‌తో విన్న సినిమా ఇంటికొచ్చేసరికి పలచబడిపోవడం నాకూ బాధే, మన నిర్మాతలు డిస్కులు మళ్లీ తెస్తే మొదట కొనేవాళ్లలో నేనుంటాను. ఈలోగా మీ డీవీడీల్లో గీతలు పడుతున్నవి, అంచుల దగ్గర మరకలు కనిపిస్తున్నవి ముందు పక్కకి తీసి, వాటితోనే కాపీ మొదలుపెట్టండి.